నీ కప్ప నీళ్లు తాగింది: ఒక కొత్త రచయిత్రికి లేఖ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన పిల్లల కథ చదివాను. భాష బాగుంది, వానకోసం కప్పతల్లి ఆడే ఘట్టం బాగుంది. ఇక అసలు సంగతి. మూడో పేజీలో నీ కప్ప ఎండిన చెరువు దాటుతూ ఒక గుంట దగ్గర ఆగి, ‘గుక్కెడు నీళ్లు తాగి, గుండెల నిండా గాలి పీల్చుకుని’ మళ్లీ బయల్దేరింది. అక్కడే కాగితాలు పక్కన పడేశాను. కప్ప నీళ్లు తాగదమ్మా. గుండెల నిండా గాలి పీల్చుకోవడమూ దానికి చేతకాదు. ఆ వాక్యంలో ఉన్నది కప్ప తోలు కప్పుకున్న మనిషి.

కప్పకు పక్కటెముకలు లేవు, మనకు ఊపిరితిత్తుల కింద ఉండే కండరపు పొర, ఉదరవితానం, అదీ లేదు. ఛాతీ పొంగించి గాలి లోపలికి లాక్కోవడం మన పని. అది నోరు మూసుకుని గొంతు అడుగుభాగాన్ని కిందికి దించుతుంది, ముక్కురంధ్రాల్లోంచి నోట్లోకి గాలి వస్తుంది. తర్వాత ఆ రంధ్రాలు మూసేసి గొంతు పైకి నొక్కి, కొలిమి తిత్తిలా ఆ గాలిని ఊపిరితిత్తుల్లోకి తోస్తుంది. వానాకాలం పెరట్లో కుండీ పక్కన కూర్చున్న కప్పను కాసేపు కదలకుండా చూడు. దవడ కింది చర్మం ఆగకుండా అదురుతూ ఉంటుంది. ఆ అదురులో చాలాభాగం నోట్లో గాలి మార్చుకోవడానికే. మధ్యమధ్య ఒక్కటి గట్టిగా పడుతుంది, డొక్కలు కూడా కదులుతాయి. ఊపిరితిత్తులకు గాలి అందేది అప్పుడు. ఇది చూసినవాళ్లెవరూ కప్పచేత నిట్టూర్పు విడిపించరు.

ఇక నీళ్లు. పొట్ట కింద, తొడల దగ్గర ఉండే పలచని చర్మంలోంచే నీరు ఒంట్లోకి ఇంకుతుంది. దాహంగా ఉన్న కప్ప గుంటలో మూతి పెట్టదు, కాళ్లు పరిచి పొట్ట ఆనించి అందులో కూర్చుంటుంది. తడిమట్టి దొరికినా చాలు. ఆ చర్మమే దానికి సగం ముక్కు కూడా. ప్రాణవాయువు ఆ తడిలో కరిగి రక్తంలోకి పోతుంది. అదే చర్మంలోంచి ఎండకు నీరు ఆవిరైపోతుంది. అంటే నడివేసవిలో చెరువు దాటే కప్పకు దాహమూ ఆయాసమూ ఒకే చోట మొదలవుతాయి. మూత్రాశయంలో దాచుకున్న నీటిని మళ్లీ ఒంట్లోకి తీసుకుంటూ నెట్టుకొస్తుంది. ఇంత ప్రమాదం దాని ఒంట్లోనే పెట్టుకుని, నువ్వు ఉత్కంఠ కోసం పామును ఎందుకు తెచ్చావు? ఆ పామును తీసెయ్. జంతువు కథను ఆ జంతువు ఒళ్లే నడపాలి. నేను ఎవరికి ఉత్తరం రాసినా ఇదే చెబుతాను.

బైపీసీ చదివాననీ, కప్ప గుండెకు మూడు గదులని తెలుసుననీ, కథలో దాంతో పనేముందనీ రాశావు. పని ఉంది. రక్తం వచ్చి చేరే పై గదులు, కర్ణికలు, రెండు. దాన్ని బయటికి తోసే కింది గది, జఠరిక, ఒక్కటే. ఊపిరితిత్తుల నుంచి వచ్చే రక్తం ఎడమ కర్ణికలోకి పోతుంది. ఒంటి నుంచి వచ్చేది కుడి కర్ణికలోకి. రెండూ ఒకే జఠరికలోకి దిగి కొంత కలుస్తాయి. దీన్ని లోపంగా నేర్పేవాళ్లున్నారు. కానీ చర్మం దగ్గర ప్రాణవాయువు నింపుకున్న రక్తం వచ్చేది కుడివైపుకే. కప్ప నీటి అడుగున ఊపిరితిత్తులు వాడకుండా ఉన్నప్పుడు, జఠరికలో అడ్డుగోడ లేదు కాబట్టే ఆ రక్తం ఒళ్లంతటికీ అందుతుంది. మనలా గోడ ఉంటే నేరుగా ఊపిరితిత్తులకే పోయేది. నీ కప్ప బావి అడుగున దాక్కునే చోట ఈ గుండె పని చేస్తూ ఉండాలి, దాని పేరెత్తకపోయినా సరే.

కప్పను కొయ్యమని నేను అనను. మైనం ట్రేలో నాలుగు కాళ్లకూ గుండుసూదులు గుచ్చి, కాలేయం ఇది, పిత్తాశయం ఇది అని బాణం గుర్తులేయించిన చదువు మన తరాలకు అవయవాల చిరునామాలు మాత్రం ఇచ్చింది. శ్రద్ధగా చూసినవాళ్లకు ఈ చిన్న ప్రాణి ఎంత ఇచ్చిందో చూడు. రక్తం ఒళ్లంతా తిరిగొస్తుందని ఇంగ్లండు వైద్యుడు హార్వే 1628లో చెప్పాడు గానీ, ధమనుల నుంచి సిరల్లోకి ఎలా దాటుతుందో చూపలేకపోయాడు. 1661లో ఇటలీలో మాల్పీజీ సూక్ష్మదర్శిని కింద ఆ దారిని, కేశనాళికలను, కప్ప ఊపిరితిత్తిలోనే చూశాడు.

నేను ప్రూఫులు దిద్దుకుని బతికే రోజుల్లో, రాత్రిళ్లు టార్చిలైటు పట్టుకుని పంటకాలువ గట్టున కూర్చునేవాణ్ణి. తొలకరికి బోదురుకప్పల్లో మగవి పసుపు రంగుకు తిరిగి, గొంతుకు రెండువైపులా నీలిసంచులు ఉబ్బించి అరిచేవి. నోరు మూసుకునే అరుస్తాయి. గాలి ఊపిరితిత్తులకూ సంచులకూ మధ్య తిరుగుతుంది. అప్పుడే ఒక పిల్లల పత్రికకు కప్ప నాలుక మీద రాసి పంపాను. నాలుక నోటి ముందువైపు అతుక్కుని ఉంటుందని, వెనక కొస వదులుగా ఉండి పురుగు మీదికి తిరగబడుతుందని, మింగేటప్పుడు కళ్లు రెండూ లోపలికి దిగి ఎరను గొంతులోకి నెడతాయని రాశాను. ఎడిటరుగారు అదంతా కొట్టేసి, పిల్లలకు ఇంత వివరం దేనికన్నారు. చివర సోమరితనం తగదని ఒక నీతి తగిలించి అచ్చేశారు. బొమ్మలో కప్పకు కింది దవడ నిండా పళ్లు! ఉన్న సన్నటి పళ్లు పైదవడకే, అవీ ఎర జారిపోకుండా పట్టుకోవడానికి. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. పిల్లలు ఆ కళ్ల సంగతి చదివితే అన్నం మానేసి పెరట్లోకి పరిగెత్తేవాళ్లు. జంతువుల నోట సూక్తులు పలికించే ఫ్యాషన్ ఇంకా పోలేదు, నీ కథలో కూడా నాలుగు చోట్ల ఉంది. నాలుగూ కొట్టేశాను.

కలంపేరు గురించీ పోటీల గురించీ అడిగావు. ఇప్పుడు వాటి జోలికి పోను.

ఇంకొక్కటి. చీమలు చచ్చిన ఈగల్ని కుప్పపోసి నీ కప్పకు విందు చేస్తాయి. కప్ప కన్ను కదిలేదాన్నే ఎరగా పోల్చుకుంటుంది. కదలని ఈగల కుప్ప ముందు అది ఆకలితోనే కూర్చుంటుంది. పెట్టాలని చీమలకుంది, తినాలని కప్పకుంది. ఆ ఈగ కదలాలంటే ఎవరు ఏం చెయ్యాలో నువ్వే కనిపెట్టు. మూడో పేజీ నుంచి మళ్లీ రాసి పంపు, ఈసారి మార్జిన్ ఎక్కువ వదులు.

ఆశీస్సులతో.