తొలి దుప్పి: పేల్చాకే అసలు పని (పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

నవంబరు దగ్గర పడుతుంటే గోదావరి జిల్లాల నుంచి మాకు ఒక రకం ఉత్తరాలు ఎక్కువవుతాయి. పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు అక్కడి దుప్పివేట (వైట్‌టెయిల్ అనే తెల్లతోక దుప్పి వేట) గురించి అడుగుతారు. ఒక మాట ముందే చెబుతున్నాం. మన దేశంలో దుప్పిని, జింకను వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కింద వేట గురించి రాసిందంతా అమెరికాలో, అందులోనూ టెక్సాస్‌లో, లైసెన్సు తీసుకుని చేసేదాని గురించే. రాష్ట్రం మారితే నిబంధనలూ మారతాయి.

ప్రశ్న: మా అల్లుడు డల్లాస్‌లో హెచ్1బి మీద ఉన్నాడు. ఆఫీసు స్నేహితులు దుప్పివేటకి రమ్మంటున్నారట. వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ పట్టుకోవచ్చా? మా అమ్మాయి ఒకటే కంగారు పడుతోంది. – అమలాపురం

జవాబు: అమ్మాయి కంగారు పడటంలో అర్థం ఉంది. హెచ్1బి, ఎఫ్1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదని అమెరికా ఫెడరల్ చట్టం చెబుతుంది. దీనికున్న మినహాయింపుల్లో అక్కడి రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఒకటి. కాబట్టి లైసెన్సు చేతికొచ్చాకే తుపాకీ ముట్టుకోవాలి. స్నేహితుడి తుపాకీయే కదా అని కాసేపు పుచ్చుకున్నా అది ‘దగ్గర ఉండటం’ కిందికే వస్తుంది. ఇంకో మెలిక కూడా ఉంది. టెక్సాస్ లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో గడువు తీరిపోతుంది. సొంతంగా రైఫిల్ కొని ఇంట్లో పెట్టుకుంటే సెప్టెంబరు 1 నాటికి కొత్త లైసెన్సు ఉండి తీరాలి. ఇది వీసాకే ఎసరు పెట్టే విషయం. ఇమ్మిగ్రేషన్ లాయరుతో ఒకసారి మాట్లాడుకుంటే ఆ ఫీజు దండగ కాదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఈ అడ్డు లేదు.

1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు ‘హంటర్ ఎడ్యుకేషన్’ కోర్సు పూర్తిచేయాలి. 17 ఏళ్లు దాటినవాళ్లు దాన్ని ఆన్‌లైన్‌లోనే చేయొచ్చు. మామూలు రైఫిల్ సీజను నవంబరు మొదటి శనివారం మొదలై, రాష్ట్రం ఉత్తర భాగంలో జనవరి మొదటి ఆదివారంతోనూ, దక్షిణ భాగంలో మూడో ఆదివారంతోనూ ముగుస్తుంది. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకానే కాల్చాలి.

మగ దుప్పి కనబడగానే కాల్చేయడానికి లేదు. చాలా కౌంటీల్లో (అక్కడి జిల్లాలు) కొమ్ముల లోపలి వెడల్పు 13 అంగుళాలన్నా ఉండాలి, లేదా కనీసం ఒక కొమ్ముకి కొమ్మలు చీలకుండా ఉండాలి. టేపు పట్టి కొలవడం కుదరదు కాబట్టి చెవులే కొలబద్ద. దుప్పి చెవులు నిక్కించి ఎదురుగా చూసినప్పుడు వాటి కొసల మధ్య దూరం ఇంచుమించు 13 అంగుళాలుంటుంది. కొమ్ములు చెవుల్ని దాటి బయటికి కనిపిస్తేనే సరే. అనుమానం వస్తే వదిలేయడమే. పడ్డాక కొలిచి నాలుక్కరుచుకుంటే లాభం లేదు.

ప్రశ్న: మా అబ్బాయి మొదటిసారి వెళ్లి ఒక మగ దుప్పిని కొట్టాడు. అది వంగి, మెల్లగా పొదల్లోకి పోయింది. వెంటనే వెనకాలే పరిగెత్తాడట. రాత్రి దాకా వెతికినా దొరకలేదు. ఎక్కడ పొరపాటు జరిగింది? – తాడేపల్లిగూడెం

జవాబు: పొరపాటు మీ ప్రశ్నలోనే ఉంది: ‘వెంటనే పరిగెత్తాడు’. ‘వంగి, మెల్లగా పోయింది’ అన్న మాటను బట్టి తూటా పొట్టలో తగిలినట్టు అనిపిస్తోంది. గుండెకో ఊపిరితిత్తులకో తగిలితే దుప్పి వెనక కాళ్లు ఎగరేసి ఒక్క దూకుడు దూకుతుంది. ప్రాణం పోయేలోపు సుమారు 50 నుంచి 150 గజాలు పరిగెడుతుంది. పొట్టలో తగిలినది వీపు విల్లులా వంచి, తల దించుకుని నడిచిపోతుంది. దాన్ని ఎవరూ తరమకపోతే రెండు మూడు వందల గజాల్లో ఏ పొదలోనో పడుకుంటుంది, అక్కడే చచ్చిపోతుంది. తరిమితే మైళ్లు పోతుంది, రక్తపు జాడ కూడా దొరకనివ్వదు.

కాల్చాక కదలకుండా రెండు గుర్తులు పెట్టుకోవాలి. దుప్పి నిలబడ్డ చోటు ఒకటి, ఆఖరిసారి కనిపించిన చెట్టు రెండోది. కూర్చున్న చోటు నుంచి లేచి వెళ్తే నేలంతా ఒకేలా కనిపిస్తుంది, కాబట్టి లేచేముందే ఫోనుతో ఒక ఫొటో తీసుకోవడం మేలు. గడియారం చూసుకుని 30 నిమిషాలు ఆగాలి. తర్వాత మొదటి గుర్తు దగ్గరికెళ్లి నేల చూడాలి. గులాబీ రంగులో సన్నటి బుడగలున్న నెత్తురైతే ఊపిరితిత్తులు; జాడ పట్టుకుని వెళ్లొచ్చు. ముదురు ఎరుపైతే కార్జం గానీ ఒట్టి కండ గానీ. ఇంకో మూడు నాలుగు గంటలు ఆగాలి. పచ్చగా, అరిగీ అరగని గడ్డి ముక్కలతో, ముక్కు మూసుకునే వాసనతో ఉంటే పొట్టే. అప్పుడు చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేసి 6 నుంచి 8 గంటల తర్వాత వెళ్లాలి. ఎండ ముదిరితే మాంసం పాడవుతుందన్న భయం నిజమే. అయినా అసలు దొరకకపోవడం కంటే అది నయం.

జాడ పట్టేటప్పుడు నెత్తుటి మీద నడవకూడదు, పక్కన నడవాలి. ప్రతి మరక దగ్గరా టిష్యూ కాగితం ముక్క తగిలిస్తూ పోతే జాడ తప్పినప్పుడు వెనక్కి తిరిగి చూసుకోవచ్చు. ఆ కాగితాలు కట్టిన గీతే దుప్పి ఎటు పోయిందో చెబుతుంది. పడి ఉన్నదాని దగ్గరికి వీపు వైపు నుంచి వెళ్లి, పొడుగాటి కర్రతో కంటిని తాకాలి. రెప్ప కదిలితే ఇంకా ప్రాణముంది. కొమ్ములతో ఒక్క విసురు విసిరితే మనిషి తొడ చీరుకుపోతుంది.

అసలు పొట్టలో ఎందుకు తగిలింది? మొదటి దుప్పి ఎదురుపడితే ఎవరికైనా చేతులు వణుకుతాయి, గుండె చెవుల్లో కొట్టుకుంటుంది. అక్కడివాళ్లు దీన్ని ‘బక్ ఫీవర్’ అంటారు. ఆ కంగారులో కొమ్ముల్ని చూస్తూ కాలుస్తారు, గురి వెనక్కి జారుతుంది. కొమ్ములు సరిపోయినవా కాదా అని ఒక్కసారి చూసుకుని, మళ్లీ వాటి వైపు చూడొద్దని చెప్పండి. పక్కవాటుగా నిలబడే దాకా ఆగాలి. ముందుకాలు వెంట చూపు పైకి తీసుకెళ్లి, భుజానికి కాస్త వెనక, ఛాతీ ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర ఆపాలి. ఎదురుగా చూస్తున్నా, తోక మన వైపున్నా కాల్చకూడదు. వెనకాల మట్టిగట్టు లేకుండా ఆకాశం కనిపిస్తుంటే అసలే వద్దు.

వచ్చే సీజనుకి ముందు తుపాకీ సాధన చేసే రేంజికి వెళ్లి, 6 అంగుళాల కాగితం ప్లేటు మీద, వేటలో కూర్చునేలాగే కూర్చుని అయిదు తూటాలు కాల్చమనండి. అయిదూ ప్లేటులో పడే దూరమే అతని దూరం. అది 80 గజాలైతే 80 గజాలే, పక్కవాడు 250 అన్నా సరే. కొత్తవాళ్లకి .243 రైఫిల్ మంచిది, భుజాన్ని పెద్దగా తన్నదు. తన్నుడుకి భయపడి కళ్లు మూసుకునే అలవాటు ఒకసారి పట్టిందా, వదలదు.

ప్రశ్న: మా తమ్ముడు హ్యూస్టన్‌లో ఉంటాడు. వాడు కొట్టిన దుప్పి మాంసం కంపు కొట్టిందని పారేశారట. దుప్పి మాంసమే అంతా? – పాలకొల్లు

జవాబు: కాదు. ఆలస్యం చేయడం వల్ల వచ్చిన కంపు అది. టెక్సాస్‌లో నవంబరు మధ్యాహ్నం 25 డిగ్రీలు దాటే రోజులుంటాయి. చచ్చిన దుప్పి ఒంట్లో వేడి, పేగుల్లో పులిసే గడ్డి రెండూ కలిస్తే తొడ ఎముక చుట్టూ కండ ముందు పాడవుతుంది, పైకి బాగానే కనిపిస్తుంది.

మొదటి పని ట్యాగు. లైసెన్సుతో వచ్చిన ట్యాగు మీద నెల, తేదీ కత్తిరించి దుప్పికి కట్టాలి. ఫొటోలు తర్వాత. ఆ తర్వాత చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని, తల కాస్త ఎత్తులో ఉండేలా వెల్లకిలా పడుకోబెట్టాలి. వెనక కాళ్ల మడమ కీళ్లకి లోపలివైపు నల్లగా, జిడ్డుగా వెంట్రుకల కుచ్చు ఉంటుంది. ఎద సీజనులో మగ దుప్పి దాని మీదే మూత్రం పోసుకుంటుంది. దాన్ని ముట్టుకున్న చెయ్యి, కత్తి కడగకుండా మాంసాన్ని తాకకూడదు. కొందరు ముందే కోసి పారేస్తారు, ఆ కత్తితోనే పని మొదలుపెడతారు, కంపంతా లోపలికి వెళ్తుంది. దాని జోలికి పోకపోవడమే మంచిది.

రొమ్ము ఎముక కింద చిన్న గంటు పెట్టి, రెండు వేళ్లు లోపలికి దూర్చి, వాటి మధ్య కత్తి పదును పైకి ఉండేలా పట్టుకుని తోక వైపు కోసుకెళ్లాలి. వేళ్లు పొట్ట తిత్తిని కిందికి నొక్కి ఉంచుతాయి, కాబట్టి చిరగదు. మలద్వారం చుట్టూ గుండ్రంగా కోసి, వదులు చేసి, తాడుతో ముడేయాలి. ఛాతీకీ పొట్టకీ మధ్యనున్న పొరను పక్కటెముకల వెంట కోసి, చెయ్యి మెడ దాకా పోనిచ్చి ఊపిరి గొట్టం తెంపితే మొత్తం ఒక్క లాగులో బయటికి వస్తుంది. పక్కకి తిప్పి నెత్తురు కారనివ్వాలి. మూత్రం తిత్తి గానీ పేగు గానీ తెగితే ఆ చోటు మంచినీళ్లతో కడిగి, వెంటనే గుడ్డతో తుడిచి, అంటిన కండ చెక్కేయాలి.

ఇక చల్లబరచడం. 4 డిగ్రీల కిందికి ఎంత త్వరగా దింపితే అంత మంచిది. తోలు తీసి, తొడలూ భుజాలూ విడదీసి కూలరులో ఐసు మీద పెట్టాలి. కూలరు అడుగున బిరడా తీసేసి, ఆ వైపు వాలుగా ఉంచాలి. కరిగిన నీళ్లలో నానిన మాంసం తెల్లబడి చప్పగా అయిపోతుంది. 60 కిలోల దుప్పికి ఎముక లేని మాంసం 20 కిలోలు దక్కితే బాగా కోసినట్టే. గాయం చుట్టూ జానెడు మేర కోసి పారేయాలి, సీసం తునకలు కంటికి కనబడవు. ఇంట్లో చిన్నపిల్లలు, గర్భిణులు ఉంటే రాగి తూటాలు వాడటం ఉత్తమం.

ఇంకొకటి ఉంది: దుప్పులకి వచ్చే సి.డబ్ల్యు.డి. అనే మెదడు జబ్బు. 1967లో కొలరాడోలో మొదట చూశారు, టెక్సాస్‌లో 2012లో బయటపడింది. మనిషికి సోకినట్టు ఇంతవరకు నిర్ధారణ కాలేదు. అయినా ఉడికిస్తే పోయేది కాదు కాబట్టి, ఆ జబ్బున్న ప్రాంతంలో పరీక్ష చేయించి, ఫలితం వచ్చాకే వండుకోవాలి. తలకాయ కూర మీద ఎంత మక్కువ ఉన్నా దుప్పి మెదడు, వెన్నుపాము, కళ్లు, తిల్లి జోలికి పోవద్దు.

ప్రశ్న: కోడలు దుప్పి మాంసాన్ని మేకమాంసం కూరలాగే వండిందట, ముక్కలు కట్టెపుల్లల్లా వచ్చాయంది. – భీమవరం

జవాబు: మేకమాంసంలో కొవ్వు కరిగి ముక్కను మెత్తబరుస్తుంది. దుప్పి కండలో కొవ్వు లేదు, పైనున్న కాస్తా గడ్డకట్టి మైనంలా పళ్లకి అంటుకుంటుంది. దాన్నీ, వెండిలా మెరిసే పల్చటి పొరనీ ముందే తీసేయాలి. వెన్నుకి రెండు పక్కలా ఉండే మెత్తటి కండను కూరలో వేయడం దండగ. సన్నటి పేలికలుగా కోసి, మిరియాల పొడి, ఉప్పు, అల్లంవెల్లుల్లి పట్టించి, కాగిన పెనం మీద నాలుగు నిమిషాలు వేయించి దించాలి. భుజం, పిక్క ముక్కలు కూరకి. రాత్రంతా పెరుగులో నానబెట్టి, కిలోకి గరిటెడు నూనె ఎక్కువ వేసి, సన్నటి సెగ మీద ఆరేడు కూతలు రానివ్వాలి. గోంగూర చివర్లో వేయాలి.

తొడ కండ పచ్చడికి మేకమాంసం కన్నా బాగుంటుందని మా అభిప్రాయం. కిలో ముక్కలకి పసుపు, ఉప్పు వేసి నీరు ఇగిరేదాకా ఉడికించి, అర లీటరు వేరుశనగ నూనెలో ఎర్రగా వేయించాలి. అదే నూనెలో 100 గ్రాముల అల్లంవెల్లుల్లి ముద్ద వేగాక దించి, 75 గ్రాముల కారం, 15 గ్రాముల మసాలా కలపాలి, ఉప్పు రుచి చూసి వేయాలి. పూర్తిగా చల్లారాకే నాలుగు నిమ్మకాయల రసం. ఫ్రిజ్‌లోనే ఉంచాలి. సీసాలో పోసి మన ఊరికి పంపే ఆలోచన మానుకోమనండి, మాంసం సరుకు పర్మిట్ లేకుండా మన కస్టమ్స్ దాటదు.

ప్రశ్న: మన చుక్కల దుప్పిని టెక్సాస్‌లో ఏడాది పొడవునా కొట్టొచ్చట, నిజమేనా? – రావులపాలెం

జవాబు: నిజం. 1930లలో అక్కడికి తీసుకెళ్లి వదిలారు, అడవి పాలై పెరిగిపోయాయి. అక్కడ అది పరదేశి జంతువు కాబట్టి దానికి సీజనూ లేదు, ఇన్నే కొట్టాలన్న లెక్కా లేదు. లైసెన్సు, భూమి యజమాని అనుమతి మాత్రం ఉండాలి. అదే దుప్పిని పాపికొండల్లో కొడితే జైలు.

ప్రశ్న: మా వాడు తన మొదటి దుప్పి కొమ్ములు తెచ్చి హాల్లో పెడతానంటున్నాడు. తాతగారి కాలం నాటి కొమ్ములు కూడా మా ఇంట్లో గోడకి ఉన్నాయి. – కాకినాడ

జవాబు: మొదటిది వద్దు. ప్రయాణికులు వన్యప్రాణి వస్తువులు తేవడాన్ని మన కస్టమ్స్ నిషేధించింది. లైసెన్సు కాగితం చూపించినా కుదరదు. అక్కడే గోడకి పెట్టుకోమనండి.

రెండోదాని మీద మీరు ఎక్కువ దృష్టి పెట్టాలి. అలాంటివి ఉన్నవాళ్లు ప్రభుత్వానికి తెలియజేయాలని 1972 చట్టం చెప్పింది. 2003లో ఇంకోసారి 180 రోజుల గడువిచ్చారు. అప్పట్లో అలా తెలియజేసిన కాగితం, దాని మీద వచ్చిన యాజమాన్య ధ్రువపత్రం ఇంట్లో ఎక్కడైనా ఉన్నాయేమో ముందు వెతకండి. ఉంటే వారసులుగా పేరు మార్పించుకోవాలి, అమ్మడానికి మాత్రం వీల్లేదు. అక్కర్లేదనుకుంటే ధ్రువపత్రంతో సహా అటవీశాఖకి అప్పగించే వీలు 2022 సవరణ కల్పించింది. కాగితమే లేకపోతే లాయరుని వెంటబెట్టుకుని అటవీశాఖ అధికారి (డి.ఎఫ్.ఓ.) ఆఫీసుకి వెళ్లండి. కాల్చేయడం, గోదాట్లో పారేయడం, ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టడం, ఈ మూడూ కొత్త చిక్కులు తెచ్చేవే. అడవిలో రాలిన కొమ్ము ఏరుకొచ్చినా ఇదే చిక్కు.

ప్రశ్న: వరదకి లంకల్లోంచి జింకలు ఏటిగట్టెక్కి ఊళ్లోకి వస్తుంటాయి. కట్టేసి ఉంచితే క్షేమమేనా? – ఆలమూరు

జవాబు: కట్టొద్దు. జింక నీళ్ల కంటే భయంతో ఎక్కువ చస్తుంది. తరిమి, పట్టి, కాళ్లు కడితే పెనుగులాటకి కండరాలు లోపల దెబ్బతింటాయి. వదిలాక బాగానే గెంతుతూ వెళ్లినట్టుండి, తర్వాత రెండు మూడు రోజుల్లో చచ్చిపోవచ్చు. ముందు కుక్కల్ని కట్టేయండి, గట్టు మీద దారి వదిలి జనాన్ని వెనక్కి పంపండి. గాయపడి కదలలేకపోతే కళ్ల మీద ముదురురంగు గుడ్డ కప్పి, నీడన, చప్పుడు లేకుండా ఉంచండి. నోట్లో పాలు, నీళ్లు పోయకండి, ఊపిరి గొట్టంలోకి పోతాయి. అటవీశాఖ రేంజ్ ఆఫీసుకి ఫోన్ చేయండి, నంబరు లేకపోతే 112.