సందేహాలు – సమాధానాలు: జపాను తోటను వనం అనవచ్చా?

సందేహం: జపాను గురించి రాస్తున్న వ్యాసంలో క్యోటో నగరంలోని ర్యోఆన్‌జీ ఆలయపు రాళ్ల తోటను ‘శిలావనం’ అనీ, యాకుషిమా దీవిలోని అడవిని ‘దేవదారు వనం’ అనీ రాశాను. రెండూ వనాలెలా అవుతాయని మిత్రుడు ఆక్షేపించాడు. ఏది సరైనది?

సమాధానం: వ్యాకరణం రెండింటినీ ఒప్పుకుంటుంది. కానీ మీరు చెప్పదలచింది ఆ రెండు చోట్లకూ ఉన్న తేడానే అయితే, ‘వనం’ దాన్ని చెరిపేస్తుంది.

అమరకోశం అటవి, అరణ్యం, విపినం, గహనం, కాననం, వనం అని వరసగా ఒకే అర్థంలో చెప్పి, తరవాత ‘ఆరామః స్యాదుపవనం కృత్రిమం వనమేవ యత్’ అంది. మనుషులు పెంచిన వనమే ఆరామం, ఉపవనం అని. అంటే అక్కడ ఒట్టి వనం అడవే. మన వాడుకలో ఆ గీత చెరిగిపోయింది. కార్తీకంలో వనభోజనాలకు ఊరి మామిడితోపు చాలు కదా!

అమరుడి ‘కృత్రిమం’లో నింద లేదు. చేసినది అని మాత్రమే అర్థం. ఇప్పుడు ‘కృత్రిమమైన తోట’ అంటే ప్లాస్టిక్ పూలు గుర్తొస్తాయి. జపాను తోటమాలులు వసంతంలో పైన్ చెట్ల చిగుళ్లను వేళ్లతో గిల్లుతారు, శరత్తులో పాత ఆకులను చేత్తో దూస్తారు. అంత శ్రమకు ఆ మాట తగిలించడం అన్యాయం. ‘సహజమైన తోట’ అన్నా తప్పే. సహజంగా కనిపించేలా తీర్చిన తోట అది. ‘తీర్చిన’ అన్నది ఇక్కడ చక్కగా ఒదుగుతుంది.

ఆరామం అందామా అంటే, బౌద్ధారామాల వల్ల ఆ మాటకు విహారం అనే అర్థం స్థిరపడింది. ర్యోఆన్‌జీ జెన్ బౌద్ధాలయమే కాబట్టి పాఠకుడు మరింత తికమకపడతాడు. అక్కడున్నవి తెల్ల కంకర మధ్య 15 రాళ్లు, వాటి మొదళ్లలో కాస్త పాచి. కంకర మీద దంతెతో గీతలు తీరుస్తారు. ‘రాళ్ల తోట’ అనండి. తోటకూ చెట్లు కావాలిగా అనవచ్చు. నిజమే, కానీ తోట ‘వేస్తారు’, అడవి ‘పెరుగుతుంది’. ఆ క్రియల్లోనే మీ వ్యాసమంతా ఉంది.

యాకుషిమాకు ‘అడవి’ చాలు. ‘దేవదారు’ మాత్రం తీసేయండి. అక్కడి సుగి చెట్టు మన హిమాలయాల దేవదారు కాదు, వేరే ప్రజాతి. వెయ్యేళ్లు దాటిన సుగి చెట్లున్న ఆ అడవి 1993లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అయితే దాన్ని ‘మనిషి చేయి పడని అడవి’ అనకండి. జపాను చరిత్రలో ‘ఎదో యుగం’ అనే కాలంలో (1603–1868) అక్కడ విస్తారంగా చెట్లు నరికారు, ఆ మొదళ్లు నేటికీ ఉన్నాయి.

ఈ రెండూ కలిసే చోటు కూడా ఒకటుంది. దూరపు కొండను తోటలో భాగంగా చూపే పద్ధతిని జపానీయులు ‘షక్కెయి’ అంటారు, అరువు తెచ్చుకున్న దృశ్యమని అర్థం. క్యోటోలోని ఎన్‌త్సూజీ తోటకు హియెయి కొండ అలాంటి అరువే. దీన్ని ‘ఎరువు దృశ్యం’ అనాలని నాకూ ఆశే, ఎరువు తెచ్చుకోవడం ఎంతో మంచి జాతీయం. కానీ తోట ప్రసక్తిలో ఎరువు అంటే పాఠకుడికి పెంటపోగే తోస్తుంది. అందుకని ‘అరువు’ అనే రాయండి.