పిల్లల ఫొటోలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్ళు. ఇంట్లో వాడి అల్లరికి అంతుండదు. ఫోన్ ఎత్తానంటే చాలు, చేతులు కట్టుకుని బిగుసుకుపోయి పళ్ళికిలిస్తాడు. మొన్న పొద్దున్నే బీసెంట్ నగర్ బీచ్‌కి తీసుకెళ్ళి, వెనక సముద్రం కనబడేలా తీశాను. ఒక్కటీ బాగా రాలేదు. పైగా మొహమంతా నల్లగా ఉంది. మంచి కెమెరా కొనమంటారా మేడమ్?
– ఒక తల్లి, వేళచ్చేరి, చెన్నై

జవాబు: ఆ డబ్బులు దాచుకోండమ్మా, ఫోన్ చాలు. పళ్ళికిలించడం వాడికి పుట్టుకతో రాలేదు, మనమే నేర్పాం. ఊహ తెలిసినప్పటినుంచీ "ఇటు చూడు కన్నా, నవ్వు" అని వెంటపడితే ఏ పిల్లాడైనా ఆ నవ్వే పట్టుకుంటాడు. నా దగ్గరికి వచ్చేవాళ్ళకి నేను మొదట చెప్పేది కాసేపు ఎవరూ నోరు మెదపొద్దనే. నాన్నలు వింటారు, అమ్మమ్మలతోనే కష్టం.

వాడికి ఏదో ఒక పని అప్పజెప్పండి. బీచ్‌లో సుండల్ (గుగ్గిళ్ళ) పొట్లం కొని చేతిలో పెట్టండి. బఠాణీలు ఏరుకుని తింటూ ఉంటాడు. మామిడికాయ ముక్క పంటికి తగలగానే ఒక కన్ను గట్టిగా మూసి, భుజాలు చెవులదాకా ఎత్తేస్తాడు. ఆ ముక్క నోటిదాకా వెళ్ళడం మీకు కనబడుతూనే ఉంటుంది కాబట్టి, ఫోన్ అప్పటికే సిద్ధంగా ఉండాలి. ఇసకలో చతికిలబడి వాడి కళ్ళ ఎత్తులో పట్టుకోండి. నిలబడి పైనుంచి తీస్తే తల పెద్దగా, కాళ్ళు పొట్టిగా వస్తాయి. మరీ దగ్గరికి వెళ్తే ముక్కు ఉబ్బినట్టుంటుంది. ఏడెనిమిది అడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్ పెట్టుకోండి. వాడు మిమ్మల్ని మరిచిపోవడానికీ ఆ దూరం పనికొస్తుంది. క్లిక్‌మనే చప్పుడు ఆపేయండి.

ఇక మొహం నల్లబడడం. మనకి సూర్యుడు సముద్రం వైపునుంచి లేస్తాడు. పొద్దున సముద్రాన్ని వెనక పెడితే ఎండ వీపు మీద, నీడ మొహం మీద పడతాయి. సాయంత్రం వెళ్ళండి. అప్పుడు సూర్యుడు ఊరివైపుంటాడు, పొద్దుగూకే ముందు గంటలో వెలుతురు మెత్తబడి సూటిగా మొహం మీదికొస్తుంది. పొద్దునే కుదురుతుందంటే తెర మీద వాడి మొహాన్ని తాకి, పక్కనొచ్చే సూర్యుడి గుర్తుని కాస్త పైకి జరపండి. ఆకాశం తెల్లగా అయిపోతుంది, పోనివ్వండి.

సాయంత్రం ఎండ ఇంకా చురుక్కుమంటుంటే ఆ బీచ్‌లోని ష్మిట్ మండపానికి సముద్రం వైపున్న నీడలో ఆడించండి. ఎదురుగా ఆకాశమంతా తెరుచుకుని ఉంటుంది, మొహం మీద ఒక్క గీత నీడ పడదు. 1930లో మునిగిపోతున్నవాళ్ళని కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్న డెన్మార్క్ నావికుడి జ్ఞాపకంగా కట్టింది అది. కాబట్టి చెప్తున్నా, ఫొటో తీస్తున్నవాళ్ళు పిల్లాణ్ణి కాయలేరు. అలల దగ్గరికి వెళ్తే వాడి చేయి పట్టుకోవడానికి ఇంకో మనిషి ఉండాల్సిందే.

ప్రశ్న: మనవరాలికి పట్టు పరికిణీ కట్టి హాల్లో ట్యూబ్‌లైట్ కింద తీస్తున్నాను. కుదురుగా ఉండదని మా అబ్బాయి షట్టర్ వేగం 1/500 సెకనుకి మార్చి ఇచ్చాడు. ఇప్పుడు ఫొటోలో అడ్డంగా చారలొస్తున్నాయి.
– ఒక తాతగారు, పెరంబూరు

జవాబు: మీ అబ్బాయి చెప్పింది ఆరుబయట పరుగెత్తే పిల్లలకి సరైన మాటే బాబాయిగారూ. ఇంట్లో దీపాలతోనే చిక్కు. మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది (50 హెర్ట్జ్) కాబట్టి పాతరకం ట్యూబ్‌లైటు, చవక ఎల్‌ఈడీలు ఒక్కో ఊపుకి రెండేసి చొప్పున సెకనుకి 100 సార్లు మిణుకుమంటాయి. మన కంటికి అది ఆనదు, వేగమైన షట్టర్‌కి దొరికిపోతుంది. 1/100 పెడితే చారలు పోతాయి, కానీ పిల్ల గెంతితే చెదిరిపోతుంది. అందుకని పగటిపూట లైటు ఆర్పేసి కిటికీ పక్కన చాప వేయండి. వెలుతురు ఒక చెంప వైపునుంచి పడాలి. ఫ్లాష్ జోలికి వెళ్ళకండి. అమ్మమ్మగారు అరటినార, మల్లెమొగ్గలు ముందు పెట్టి మాల కట్టడం నేర్పుతుంటే చూడండి, ముడి బిగించేటప్పుడు పిల్ల నాలిక కొస బయటికొస్తుంది. అది తీయండి. 1/200 సరిపోతుంది.

ప్రశ్న: మా పాప చామనఛాయ. నా ఫోన్‌లో తెల్లగా, ప్లాస్టిక్ బొమ్మలా వస్తోంది. చుట్టాలేమో బాగుందంటున్నారు. అలాగే ఉంచనా?
– కొళత్తూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఉంచకండి. కెమెరా సెట్టింగుల్లో బ్యూటీ అని ఉంటుంది, దాన్ని సున్నాకి దించండి. అది రంగు ఒక్కటే మార్చి ఊరుకోదు. చెంప మీది దోమకాటు, చెదిరిన కాటుక, మోచేతి గీరుడు అన్నీ తుడిచేస్తుంది. పదేళ్ళ తర్వాత మీరు వెతుక్కునేవి అవే. చుట్టాలకి తెల్ల పాప కావాలంటే వాళ్ళ ఫోన్లలో వాళ్ళు తీసుకుంటారు. బ్యూటీ ఆపేశాక కూడా మసగ్గా వస్తుంటే లెన్స్ మీద కొబ్బరినూనె వేలిముద్ర ఉండి ఉంటుంది, మెత్తటి నూలు గుడ్డతో తుడవండి.