ఒక్క పాయింటు లోపల

విజయవాడ

చిరంజీవికి ఆశీస్సులు.

ఫార్ములా వన్ కార్ల రేసు డ్రైవర్లలో అందరికన్నా గొప్పవాడు ఎవరు అంటూ నువ్వు రాసి పంపిన వ్యాసం గుంటూరు నుంచి క్షేమంగా చేరింది. అరండల్‌పేటలో మీ అన్నయ్య స్నేహితులు ఆదివారం సాయంత్రం ఆరున్నరకు టీవీ ముందు చేరడం, రేసు ముగిశాక అన్నం వేళ దాటిపోయే దాకా హామిల్టనా వెర్‌స్టాపెనా అని తగువులాడుకోవడం చక్కగా రాశావు. కృష్ణకు ఇటూ అటూ ఉన్న మన ఊళ్లకు ఇలాంటి తగువు కొత్త కాదు. ఎన్టీఆరా ఏఎన్నారా అని గాంధీనగర్ సినిమా హాళ్ల ముందు ఒక తరం గొంతు చించుకుంది. ఆ వాదనలో గెలిచి ఇంటికి వెళ్లినవాణ్ణి నేను చూడలేదు. అందుకే చివర్లో నువ్వు ప్రకటించిన విజేత ఎవరన్నది నాకు పెద్దగా పట్టలేదు. ఆ పేరు దాకా నువ్వు వచ్చిన దారి గురించే నా బెంగ.

ముందుగా ఆ పట్టిక తీసేయి. గెలుపులకు ఒక గడి, టైటిళ్లకు ఒక గడి, క్రీడాస్ఫూర్తికి పదికి ఇన్ని అని ఇంకో గడి. మాస్‌కు పదికి పది, సెన్నాకు నాలుగు, షూమాకర్‌కు మూడు. మన రెండు ఊళ్లలో ఫలితాల రోజున కాలేజీలు కట్టే ర్యాంకుల హోర్డింగులా ఉంది. ఆ హోర్డింగు మీద పిల్లల ముఖాలు ఉంటాయి, పిల్లలు ఉండరు.

అంకెలు వద్దని కాదు. అంకె వెనక మనిషి కనపడాలి. ఫాంజియో 24 రేసులు గెలిచాడని, హామిల్టన్ 2024 చివరికి 105 గెలిచాడని పక్కపక్కన పెట్టి వదిలేశావు. 1950లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలైనప్పుడు ఏడాదికి ఏడు రేసులు, 2024లో 24. ఫాంజియో మొత్తం మీద బరిలోకి దిగినవే 51. అంటే దాదాపు రెండింటికి ఒకటి గెలిచాడు. పైగా 1951లో మొదటి టైటిల్ చేతికొచ్చేసరికి అతనికి 40 ఏళ్లు. ఇవి చెప్పినంత మాత్రాన హామిల్టన్ చిన్నవాడైపోడు. పాఠకుడికి మాత్రం ఊహించుకోవడానికి ఒక నడివయసు మనిషి దొరుకుతాడు. పాయింట్ల మొత్తాలను అసలే పోల్చవద్దు. గెలుపుకు 1958లో 8 పాయింట్లు, 1991 నుంచి 10, 2010 నుంచి 25.

ఇక స్టిర్లింగ్ మాస్ పేరా. చదివిన వాళ్లందరూ నిన్ను మెచ్చుకునేది దానికే. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిందీ అదే. ‘టైటిల్ చేజారుతుందని తెలిసి కూడా ప్రత్యర్థి కోసం త్యాగం చేశాడు’ అని రాశావు. జరిగింది అది కాదు.

1958 ఆగస్టు 24న పోర్చుగల్‌లోని పోర్టో వీధుల్లో రేసు. మాస్ గెలిచాడు. ఫెరారీ నడుపుతున్న మైక్ హాథోర్న్ రెండో స్థానంలో వచ్చాడు. అయితే చివరి చుట్టులో హాథోర్న్ కారు గిర్రున తిరిగి ఆగిపోయింది. దాన్ని మళ్లీ కదిలించే క్రమంలో ఎదురు దిశలో వెళ్లాడన్న ఆరోపణ వచ్చింది. అతని ఫలితం రద్దయ్యే పరిస్థితి. అప్పుడు మాస్ వెళ్లి, ఆ కారు కదిలింది ట్రాక్ మీద కాదు, పక్కనున్న కాలిబాట మీద అని సాక్ష్యం చెప్పాడు. హాథోర్న్‌కు రెండో స్థానపు 6 పాయింట్లు, అత్యంత వేగంగా చుట్టు పూర్తి చేసినందుకు వచ్చిన 1 పాయింటు దక్కాయి. ఏడాది ముగిసేసరికి హాథోర్న్‌కు 42, మాస్‌కు 41. మాస్ జీవితంలో ఎప్పుడూ ప్రపంచ ఛాంపియన్ కాలేదు.

ఇప్పుడు తేదీ చూడు. పోర్టో తర్వాత ఇంకా ఇటలీలో మోంజా రేసు ఉంది, మొరాకోలో కాసబ్లాంకా రేసు ఉంది. ఆ సాయంత్రం మాస్‌కు ఒక్క పాయింటు తేడా సంగతి తెలిసే వీలే లేదు. అక్టోబరులో తేలిన లెక్కను నువ్వు ఆగస్టులోకి మోసుకెళ్లి అతని తలలో పెట్టావు. దానితో, చూసినదాన్ని చూసినట్టు చెప్పిన మనిషి మాయమై, దండ వేసిన పటం మిగిలింది. నాకు మొదటి మనిషే ఇష్టం. ప్రత్యర్థి పాయింట్లు పోతే తనకు లాభమని ఆ రోజు అతనికి బాగా తెలుసు. ఆ లాభం ఎంతటిదో తెలియదు. అంతవరకే తెలిసిన మనిషి నోరు విప్పి మాట్లాడాడు. నీ వాక్యం కూడా అంతవరకే తెలిసినట్టు నడవాలి. తేలిన లెక్కను తర్వాతి పేరాలో చెప్పుకో, ఎవరూ కాదనరు.

ఆ ఒక్క పాయింటును కూడా విప్పి చూడు, లోపల చాలామంది ఉన్నారు. ఆ ఏడాది మాస్ నాలుగు రేసులు గెలిచాడు, హాథోర్న్ ఒక్కటే. మొత్తం 11 రేసుల్లో ఒక్కొక్కరికి మంచి ఫలితాలు ఆరింటినే లెక్కలోకి తీసుకున్నారు. పోర్టోలో ఆ వేగవంతమైన చుట్టు మాస్ పేరిట నమోదై ఉంటే లెక్క తిరగబడేది. చివరి రేసు కాసబ్లాంకాలో మాస్ గెలిచాడు. టైటిల్ దక్కాలంటే హాథోర్న్ రెండో స్థానంలో రావాలి. అతని ముందున్న సహచరుడు ఫిల్ హిల్ పక్కకు తొలిగి దారి ఇచ్చాడు. ఇవేవీ చెప్పకుండా మాస్ సాక్ష్యం ఒక్కదానికే టైటిల్‌ను కట్టబెట్టడం కథకు బాగుంటుంది, నిజానికి బాగుండదు. మరో సంగతి: హాథోర్న్‌కు ప్రాణస్నేహితుడైన పీటర్ కాలిన్స్ జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌లో కారు అదుపు తప్పి చనిపోయింది పోర్టోకు మూడు వారాల ముందే. టైటిల్ గెలిచిన హాథోర్న్ రేసులు మానేశాడు. 1959 జనవరిలో మామూలు రోడ్డు మీద జరిగిన ప్రమాదంలో పోయాడు. ఆ రోజుల్లో పాయింట్ల గురించి మాట్లాడుకున్న మనుషులు ఎటువంటి గాలి పీలుస్తూ మాట్లాడుకున్నారో నీ పాఠకుడికి తెలియాలి.

కాలిన్స్‌కు నువ్వు ఒక్క వాక్యమే ఇచ్చావు. అన్యాయం. 1956లో మోంజాలో ఫాంజియో కారు మొరాయించింది. అప్పటి నిబంధనల ప్రకారం సహచరుడి కారు తీసుకుని నడపవచ్చు, పాయింట్లు చెరిసగం. లుయిజీ ముస్సో తన కారు ఇవ్వలేదు. టైటిల్ గెలిచే అవకాశం తనకూ ఉన్న కాలిన్స్ దిగి ఇచ్చేశాడు. ఫాంజియో ఛాంపియన్ అయ్యాడు. కాలిన్స్ వయసు 24. ముందు చాలా కాలం ఉందనుకునే వయసు. ఇది రాసేటప్పుడు ముస్సోను దుర్మార్గుణ్ణి చేయకు. అతను ఇటలీవాడు, అది ఇటలీ రేసు, సొంత జనం ముందు నడుపుతున్నాడు. కాలిన్స్ వెలగడానికి పక్కన ఒక నల్లటి ముఖం నిలబెట్టనక్కర్లేదు.

సెన్నా దగ్గరికి వద్దాం. నువ్వు ముందు 1992 బెల్జియం స్పా సంగతి చెప్పావు, తర్వాత 1990 జపాన్ సుజుకా సంగతి చెప్పి ఆపేశావు. ఏది చివర చెబితే అదే తీర్పు అవుతుంది. వరుస మారిస్తే అదే మనిషి దేవుడవుతాడు. ఈ కిటుకు తెలిసి చేస్తే మోసం, తెలియక చేస్తే అజాగ్రత్త. రెండింటినీ ఏది ముందో ఏది వెనకో తేల్చలేనంత దగ్గరగా పెట్టడం నేర్చుకో.

అంతకన్నా ముందు సుజుకాలో ఏం జరిగిందో మన పాఠకుడికి అర్థమయ్యేలా చెప్పాలి. నువ్వు ‘కావాలని గుద్దాడు’ అని తేల్చేశావు. ట్రాక్ మీద కార్లన్నీ ఒకే గీత పట్టుకుని పోతాయి. అక్కడ టైర్ల రబ్బరు పూతలా అంటుకుని పట్టు ఎక్కువ ఉంటుంది. రెండో వైపు దుమ్ము, పట్టు తక్కువ. ఆ ఏడాది రేసుకు ముందు అందరికన్నా వేగంగా నడిపి, బయల్దేరే వరుసలో మొదటి స్థానం సాధించిన సెన్నాకు దక్కింది దుమ్ము వైపు. వైపు మార్చమని అడిగాడు, కుదరదన్నారు. అంతకు ముందు ఏడాది అదే సుజుకాలో తన ప్రధాన ప్రత్యర్థి ప్రోస్ట్‌తో గుద్దుకున్నాక కూడా తిరిగి ట్రాక్ మీదికి వచ్చి రేసు గెలిస్తే అనర్హుణ్ణి చేశారు, టైటిల్ ప్రోస్ట్‌కు వెళ్లింది. ఆ కడుపుమంట చల్లారలేదు. 1990లో పచ్చ లైటు వెలగగానే శుభ్రమైన వైపున్న ప్రోస్ట్ ముందుకు దూకాడు. మొదటి మలుపులో సెన్నా కాలు వెనక్కి తీయలేదు. గంటకు 200 కిలోమీటర్లు దాటిన వేగంతో ఇద్దరూ కంకర్లోకి వెళ్లిపోయారు. ప్రోస్ట్‌కు పాయింట్లు రాకపోవడంతో టైటిల్ సెన్నాది. కావాలనే చేశానని మరుసటి ఏడాది తనే ఒప్పుకున్నాడు.

1992లో స్పాలో, ప్రాక్టీసులో, తోటి డ్రైవరు ఎరిక్ కొమాస్ కారు గోడను ఢీకొంది. కొమాస్ స్పృహ తప్పాడు, ఇంజను మాత్రం హోరుమంటూనే ఉంది. వెనక వస్తున్న సెన్నా తన కారు ఆపి, మిగతా కార్లు దూసుకొస్తున్న ట్రాక్ మీద పరుగెత్తుకెళ్లి, ఇంజను ఆపి, కొమాస్ తల కదలకుండా పట్టుకున్నాడు.

నన్నడిగితే, సుజుకాలో అతను చేసింది నీచమైన పని. ఆ మాట మెత్తబరచవద్దు. అతనిలాంటి డ్రైవర్లు అరుదు. ఆ మాటా తగ్గించవద్దు. 1994లో అతని అంతిమయాత్రలో శవపేటిక మోసినవాళ్లలో ప్రోస్ట్ ఉన్నాడు. నువ్వు పదికి నాలుగు వేసినప్పుడు ప్రోస్ట్‌ను అడిగావా?

షూమాకర్ విషయంలో నీ కోపం అర్థమైంది. 1997లో స్పెయిన్‌లోని హెరెజ్‌లో టైటిల్ ప్రత్యర్థి విల్‌నవ్ మీదికి కారు తిప్పాడు, ఆ ఏడాది ఛాంపియన్‌షిప్ వరుసలోంచి అతని పేరు తీసేశారు. అదే సంవత్సరం అతను గెలిచిన ఐదు రేసులు మాత్రం రికార్డులో అలాగే ఉన్నాయి, అతని 91 గెలుపుల్లో అవీ భాగమే. ఆటను నడిపేవాళ్లే ఆ పుస్తకంలో రెండింటినీ ఉంచారు; నువ్వెందుకు ఒకటి కొట్టేస్తావు? 2002 ఆస్ట్రియా రేసులో గీత కనపడేంత దూరంలో సహచరుడు బారికెల్లో అతన్ని ముందుకు వదలడం, జనం ఈసడించుకోవడం బాగా రాశావు. ఆ తర్వాతి తమాషా వదిలేశావు. షూమాకర్ సిగ్గుపడి బారికెల్లోను పై మెట్టు ఎక్కించాడు. పది లక్షల డాలర్ల జరిమానా పడింది. పక్కకు తప్పుకోమన్న ఆదేశానికి కాదు, బహుమతి వేడుకలో మెట్లు తారుమారు చేసినందుకు! అలాంటి ఆదేశాలను నిషేధించింది మరుసటి ఏడాదే, ఆ నిషేధాన్నీ 2011లో ఎత్తేశారు. క్రీడాస్ఫూర్తి డ్రైవరు గుండెలో మాత్రమే ఉండదు, కొంత నిబంధనల పుస్తకంలోనూ, కొంత జీతమిచ్చే జట్టు చేతిలోనూ ఉంటుంది.

2021 అబుదాబీ గురించి ఇప్పట్లో రాయవద్దని నా సలహా. హామిల్టన్, వెర్‌స్టాపెన్ ఇద్దరూ సరిగ్గా 369.5 పాయింట్లతో వచ్చి చివరి చుట్టులో తేల్చుకున్న ఆ రాత్రి మీద మీ అన్నయ్యకూ నీకూ ఇంకా వేడి తగ్గలేదు. రాయక తప్పదంటే, ఓడిన హామిల్టన్ వెంటనే వెళ్లి వెర్‌స్టాపెన్‌ను అభినందించడం రాయి. కొద్ది రోజుల తర్వాత బహుమతుల వేడుకకు రాకపోవడమూ రాయి. మొదటిది ఒక్కటే రాస్తే అభిమాన సంఘం కరపత్రం అవుతుంది.

చిన్న సంగతులు కొన్ని. విశేషణాలు సగానికి తగ్గించు. ‘అసమాన ప్రతిభాశాలి’ అన్న మాట అందరికీ వేశావు, ఎవరికీ అతకలేదు. సంక్రాంతికి మీ చుట్టుపక్కల ఊళ్లలో కబడ్డీ పోటీలు జరిగితే వెళ్లి కూర్చో. కూతకు వచ్చినవాడి చేయి తనకు తగిలిందని తనకు మాత్రమే తెలిసిన కుర్రాడు ఒకడు ఉంటాడు. రిఫరీ చూడలేదు. వాడు చేయి ఎత్తుతాడా లేదా అన్నది కాదు, ఆ ఒక్క క్షణం వాడి ముఖం ఎలా ఉందో రాసుకుని రా. పోర్టో అక్కణ్ణుంచి రాయడం తేలిక.

రెండో ప్రతి రాసే ముందు ఒక పేరా నాకు పంపు, అది ఫిల్ హిల్ మీద. కాసబ్లాంకాలో తను ముందున్నాడు, జట్టు కోరింది, తప్పుకున్నాడు, మాస్ టైటిల్ పోయింది. మూడేళ్ల తర్వాత హిల్ కూడా ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. పోర్టోలో నోరు విప్పిన మాస్‌కు పదికి పది వేసినదానివి, కాసబ్లాంకాలో పక్కకు తొలిగిన హిల్‌కు ఎన్ని వేస్తావో, ఎందుకు వేస్తావో చూడాలని ఉంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు