బ్యారెల్ కింది ముద్ర, బిల్లు మీది తేదీ

ప్రశ్న: లాయర్ గారూ, నేను పెన్సిల్వేనియాలో ఉంటాను. ఇక్కడే ఒక పాత వస్తువుల వ్యాపారి దగ్గర 2022 ఆగస్టులో 9,500 డాలర్లు పెట్టి లాంగ్‌రైఫిల్ (పాతకాలపు పొడవాటి తుపాకీ) కొన్నాను. ‘జేకబ్ డికర్ట్ చేసినది, లాంకాస్టర్, 1790 ప్రాంతం’ అని బిల్లులో రాశాడు. అడుగున ‘యాజ్ ఈజ్’ (ఉన్నది ఉన్నట్టే, హామీ లేదు) అని ఉంది. 2024 ఫిబ్రవరిలో ఒక స్నేహితుడు చూసి లాక్ (తుపాకీని పేల్చే యంత్రాంగం) మీద డికర్ట్ కాదు, కెట్లండ్ అనే పేరుందని చెప్పాడు. వ్యాపారికి ఫోన్ చేస్తే నవ్వి పెట్టేశాడు. మంచి పెట్టుబడి అనుకుని కొన్నాను. ఇప్పుడు ఇంట్లో రోజూ గొడవ, నాకు నిద్ర లేదు. ఇది నకిలీయే కదా? మోసం కేసు వేయనా, అదే బిల్లు చూపించి ఇంకొకరికి అమ్మేయనా? గత నెల బ్యారెల్ (తుపాకీ గొట్టం) విప్పించి తీసిన ఫోటోలు, డెలివరీ రసీదు పంపుతున్నాను.

జవాబు: ముందు తేదీ చూద్దాం. డెలివరీ రసీదు ప్రకారం తుపాకీ మీ చేతికి వచ్చింది 2022 ఆగస్టు 30న. అమ్మినవాడు రాసిచ్చిన హామీ తప్పితే దావా వేయడానికి పెన్సిల్వేనియా కమర్షియల్ కోడ్ ఇచ్చే గడువు 4 ఏళ్లు. లోపం బయటపడిన రోజుతో సాధారణంగా సంబంధం లేదు, సరుకు అందిన రోజు నుంచే లెక్క. అంటే 2026 ఆగస్టు 30. మీకు మిగిలింది వారాలే.

లాక్ గురించి మీరు పడిన టెన్షన్ అనవసరం. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో చేసిన కెట్లండ్ లాకులను అమెరికా తుపాకీ పనివాళ్లు కొని తమ రైఫిళ్లకు బిగించేవారు. లాక్ మీద ఉండేది చాలాసార్లు లాక్ చేసినవాడి పేరే. రైఫిల్ చేసినవాడు సంతకం పెడితే సాధారణంగా బ్యారెల్ పై పలక మీద పెడతాడు. లాక్‌ను పట్టుకుని కోర్టుకు వెళితే మొదటి వాయిదాలోనే తేలిపోతారు.

మీ కేసు మీరు పట్టించుకోని నాలుగో ఫోటోలో ఉంది. బ్యారెల్ అడుగున కిరీటం, దాని కింద ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు రాజదండాలు, బి.పి.సి. అక్షరాలు కనిపిస్తున్నాయి. అది తుపాకీ గొట్టాల బలాన్ని పరీక్షించే బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ముద్ర. ఆ సంస్థ ఏర్పడిందే 1813లో. 1790 నాటి బ్యారెల్ మీద ఆ ముద్ర ఉండే వీల్లేదు. అయితే డికర్ట్ 1822 దాకా బతికాడు, కాబట్టి ఈ ముద్ర ఒక్కటే ఆయన పేరును అబద్ధం చేయదు. అబద్ధమని తేలేది బిల్లులోని ‘1790’. బ్యారెల్ మీది పేరు అప్పుడే చెక్కినదా, తర్వాత చేర్చినదా అన్నది నిపుణుడు భూతద్దంతో చూసి చెప్పాలి: పాత గీతను అక్షరం కోసుకుంటూ వెళ్లిందా, అక్షరం మీదుగా గీత పడిందా, అక్షరాల లోపల తుప్పు బయటి తుప్పుతో కలుస్తోందా అని.

‘యాజ్ ఈజ్’ మాటకు భయపడకండి. పైన స్పష్టంగా రాసిచ్చిన హామీని అడుగున రాసిన ఆ రెండు ముక్కలు తుడిచేయలేవు. ‘డికర్ట్ చేసిందని భావిస్తున్నాం’ అని రాసి ఉంటే మాత్రం నేను ఇంత ధైర్యం చెప్పేదాన్ని కాదు.

మీ అజాగ్రత్త గురించి కూడా చెప్పాలి. లోపం తెలిశాక సబబైన సమయంలో అమ్మినవాడికి తెలియజేయకపోతే ఏ పరిహారమూ దక్కదని చట్టం అంటోంది. మీరు చేసింది ఒక్క ఫోన్ కాల్. 2 ఏళ్లకు పైగా ఒక్క ఈమెయిల్ కూడా పెట్టలేదు! ఆ నెల కాల్ రికార్డు మీ ఫోన్ కంపెనీ నుంచి వెంటనే తెప్పించుకోండి. మోసం కేసుకు గడువు 2 ఏళ్లే. 2024 ఫిబ్రవరిలోనే మీకు అనుమానం వచ్చింది కదా, ఆ గడువు దాటిపోయింది అని అవతలి లాయర్ కచ్చితంగా అంటాడు. వినియోగదారుల చట్టం కింద 6 ఏళ్లు ఉన్నా, అది సొంత వాడకానికి, ఇంటి అవసరానికి కొన్నవాళ్లకే. ‘పెట్టుబడి’ అని మీరే రాశారు, ఆ మాట అక్కడ అడ్డొస్తుంది.

అదే బిల్లుతో ఇంకొకరికి అమ్మే ఆలోచన ఇప్పుడే మానుకోండి. తెలిసి అమ్మితే ఇవాళ బాధితులైన మీరు రేపు ముద్దాయి అవుతారు, నాకు రాసిన ఈ ప్రశ్నే మీ మీద సాక్ష్యం. ముద్ర బాగా కనబడాలని బ్యారెల్‌ను ఉక్కు పీచుతో రుద్దడం, యాసిడ్ పెట్టడం లాంటివి కూడా చేయొద్దు. ఆ తుప్పే మీ సాక్షి.

ఈ వారమే వ్యాపారికి సర్టిఫైడ్ మెయిల్‌లో (పంపినట్టు రుజువు ఇచ్చే తపాలాలో) నోటీసు పంపండి. బిల్లు నకలు, నాలుగో ఫోటో జతచేయండి. పాత లాంగ్‌రైఫిళ్లు తెలిసిన నిపుణుడితో, ఆ వ్యాపారితో సంబంధం లేనివాడితో, రాతపూర్వకంగా విలువ కట్టించండి. ఇంతకాలం ఉంచుకున్నాక తుపాకీ తిరిగిచ్చి మొత్తం సొమ్ము వసూలు చేయడం కష్టం. బిల్లులో చెప్పిన రైఫిల్‌కు ఉండాల్సిన విలువకూ, మీకు వచ్చినదాని విలువకూ మధ్య తేడా అడగండి. అది 12,000 డాలర్లు దాటకపోతే మెజిస్టీరియల్ డిస్ట్రిక్ట్ జడ్జి (చిన్న మొత్తాల కేసులు వినే స్థానిక జడ్జి) దగ్గర లాయర్ లేకుండానే ఫిర్యాదు వేసుకోవచ్చు. ‘మాట్లాడుకుందాం, ఆగండి’ అని అతను ఫోన్ చేసినా సరే, ఆగస్టు 30 లోపు ఫిర్యాదు కోర్టులో పడాలి.