ఒకే లైను, ముగ్గురు యజమానులు

పని, జీతం, హక్కులపై పాఠకుల ప్రశ్నలకు తిరుపతికి చెందిన రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్, పాత యూనియన్ కార్యదర్శి జవాబులు

ప్రశ్న: అయ్యా, మాది ఏర్పేడు. రేణిగుంట వైపు సెల్‌ఫోన్ విడిభాగాలు చేసే కంపెనీలో పని చేస్తున్నాను. మా నాయన రైల్వేలో చేసి రిటైరయ్యాడు. ‘యూనియన్ పెట్టుకోండ్రా’ అని రోజూ పోరు. మా లైన్లో ఆ మాటెత్తితే పక్కనోడే పోయి సూపర్‌వైజర్ చెవిలో వేస్తాడు. ఓటీ (ఓవర్‌టైం) డబ్బు పడలేదని అడిగితే కంపెనీ వాళ్లు కాంట్రాక్టర్‌ను అడగమన్నారు. కాంట్రాక్టరేమో కంపెనీ బిల్లు పాస్ చేయలేదన్నాడు. అప్పుడు అంత బలంగా ఉన్న యూనియన్లు ఇప్పుడేమైపోయాయి? మాకే భయం ఎక్కువైందా?

జవాబు: నాయనా, మీకు భయం ఎక్కువ, మాకు ధైర్యం ఎక్కువ అని మీ నాయన అనుకుంటే అనుకోనీ. నేను మాత్రం ఒప్పుకోను. మాకూ భయం ఉండేది. గేటు మీటింగులో మైకు పట్టుకున్న రోజు రాత్రి అన్నం సయించేది కాదు. కాకపోతే ఛార్జిషీటు మీద సంతకం పెట్టేదెవరో, ఎవరి గది ముందు కూర్చోవాలో మాకు తెలుసు. డ్రైవరు, కండక్టరు, గ్యారేజీలో మెకానిక్, టైర్లు విప్పే హెల్పరు, క్యాష్ కట్టించుకునే క్లర్కు, అందరికీ జీతమిచ్చేది ఒకే సంస్థ. తెల్లవారుజామున ఫస్టు సర్వీసు కదలకముందు పావుగంట గేటు దగ్గర నిలబడితే చాలు, ఆ కబురు బస్సు కంటే ముందే కొండెక్కేది.

ఇప్పుడు నీ లైను చూసుకో. నీ మెడలో ట్యాగు ఒక రంగు, పక్క స్టూలు మీద అమ్మాయిది ఇంకో రంగు, ట్రైనీ పిల్లలది మరో రంగు. క్యాంటీన్లో అందరికీ అదే సాంబారు. పేస్లిప్పుల మీద మాత్రం తలా ఒక పేరు. బేరమాడాలంటే ఎదురుగా కూర్చునే మనిషొకడు ఉండాలి కదా. నీ ఓటీ సంగతే తీసుకో, వాడు వీణ్ని చూపిస్తాడు, వీడు వాణ్ని చూపిస్తాడు. యూనియన్లు చిక్కిపోయింది ఇక్కడే. మీ తరానికి సెల్‌ఫోన్ పిచ్చి ఎక్కువైందనీ, సమ్మెలంటే జనానికి విసుగనీ చెప్పేవన్నీ దీని తర్వాతే.

ఇది ఒక్క రోజులో రాలేదు. కాంట్రాక్టు కార్మికుల చట్టం 1970లో వచ్చింది. ఎప్పుడూ ఉండే పనికి కాంట్రాక్టు మనుషులను పెట్టకుండా నిషేధించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. అలా నిషేధించిన చోట ఆ మనుషులను అసలు సంస్థే తీసుకోవాలని ఎయిరిండియా కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. 2001లో స్టీల్ అథారిటీ కేసులో అదే కోర్టు, అలా దానంతటదే ఉద్యోగం రాదని తేల్చింది. మేనేజ్‌మెంట్లకు ఉన్న ఆ కాస్త జంకూ అప్పుడే పోయిందని నేనంటాను.

యూనియన్ల తప్పు లేదా అంటే, చాలా ఉంది. పర్మినెంట్ వాళ్ల వేతన ఒప్పందం కోసం రాత్రంతా కూర్చున్న నాయకులకు, బయట ఊడ్చే కాంట్రాక్టు మనిషి కూలి గుర్తుకొచ్చేది కాదు. అతను చందా కట్టడు కదా! ఒక పర్మినెంట్ మనిషి రిటైరైతే ఆ ఖాళీలోకి కాంట్రాక్టు మనిషి వచ్చేవాడు. అంటే ఒక్కో రిటైర్మెంటుకు ఒక్కో చందా రసీదు తగ్గినట్టే. దండలేసి, శాలువా కప్పి, వ్యాను ఎక్కించి సాగనంపారు. తరిగిపోతున్న రసీదు పుస్తకాన్ని ఎవరూ పట్టించుకోలేదు. దానికి తోడు పార్టీల పేచీ. కార్మిక సంఘాలన్నిటినీ కలిపే కేంద్ర సంఘంగా ఏఐటీయూసీ 1920లో పుట్టింది. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే కాంగ్రెస్ వాళ్లు ఐఎన్‌టీయూసీ పెట్టుకున్నారు, కమ్యూనిస్టు పార్టీ చీలాక 1970లో సీఐటీయూ వచ్చింది. ఒకే గేటు ముందు నాలుగు జెండాలు పాతితే మేనేజరు కుర్చీలో హాయిగా వెనక్కి వాలతాడు.

మీ నాయన 1974 రైల్వే సమ్మె గురించి చెప్పే ఉంటాడు. మే 8న మొదలై ఇరవై రోజులు నడిచింది, దేశమంతా రైళ్లు నిలిచాయి. ఇప్పుడు తిరుపతి స్టేషన్లో రైలు దిగి చూడమను. పెట్టెలు కడిగేది, దుప్పట్లు ఇచ్చేది, ప్లాట్‌ఫారం తుడిచేది ఎక్కువగా కాంట్రాక్టు మనుషులే. మా ఆర్టీసీ మాత్రం తక్కువా? ఘాట్ రోడ్డు ఎక్కే ఎలక్ట్రిక్ బస్సు మీద సంస్థ పేరుంటుంది. బస్సు, డ్రైవరు మాత్రం ప్రైవేటు కంపెనీవి. కిలోమీటరుకు ఇంతని సంస్థ కడుతుంది. మేము 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వోద్యోగులమయ్యాం, మంచిదే. స్టీరింగు పట్టుకున్న ఆ కుర్రాడు మాలో ఒకడు కాడు.

అలాగని నీరుగారిపోవద్దు. మనకు బస్సులో మూడు నాలుగు గంటల దూరం శ్రీపెరంబుదూరు. అక్కడి శాంసంగ్ ఫ్యాక్టరీ కార్మికులు 2024 సెప్టెంబరులో మొదలుపెట్టి 37 రోజులు సమ్మె చేశారు. జీతం పెంచమన్నారు, అంతకంటే గట్టిగా మా యూనియన్‌ను గుర్తించమన్నారు. 2025 జనవరిలో యూనియన్ రిజిస్టరైంది. చూడు, సెల్‌ఫోన్ కాలపు పిల్లలే. కాకపోతే వాళ్లలో ఎక్కువమంది కంపెనీ పర్మినెంట్లు.

నీ పని సంగతికొస్తా. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే అసలు కంపెనీయే కట్టాలి. పాత చట్టం మాట అదే, 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన కొత్త కార్మిక చట్టాల (లేబర్ కోడ్‌ల) మాటా అదే. నోటితో అడగొద్దు. తేదీలు, అదనపు గంటలు రాసి ఇద్దరికీ కాగితం ఇవ్వండి, నకలు లేబర్ ఆఫీసులో ఇచ్చి స్టాంపు వేయించుకోండి. నువ్వొక్కడివే సంతకం పెడితే నీ ఒక్కడికే టెన్షన్, కాబట్టి మూడు రంగుల ట్యాగుల వాళ్లూ పెట్టండి. యూనియన్ రిజిస్టర్ చేయాలంటే కార్మికుల్లో పది శాతం లేదా వంద మంది, ఏది తక్కువైతే అది, ఏడుగురికి తగ్గకుండా ఉండాలి. ఒక్కటే యూనియన్ ఉంటే సరే. రెండు మూడు ఉంటే, చర్చలకు ఒక్కటే కూర్చోవాలంటే మస్టర్ రోల్‌లో, అంటే కార్మికుల హాజరు పట్టీలో ఉన్నవాళ్లలో 51 శాతం మద్దతు కావాలి. నీ పేరు ఎవరి మస్టర్‌లో ఉందో ముందు అది తెలుసుకో. ఆవేశపడి అందరూ ఒకే రోజు క్యాజువల్ లీవు పెట్టకండి. సగం మంది పెడితే అది సమ్మె కిందికే వస్తుంది, సమ్మెకు పద్నాలుగు రోజుల ముందే నోటీసు ఇవ్వాలి.

ప్రశ్న: యూనియన్ల గొడవల వల్లే చిత్తూరులో విజయ డెయిరీ మూతపడిందని మా మామయ్య అంటాడు. నిజమేనా? (చిత్తూరు నుంచి)

జవాబు: మీ మామయ్యకు నమస్కారం చెప్పండి. డెయిరీ మూతపడింది 2002లో. పాల వ్యాపారానికి లైసెన్సుల అడ్డు 1991లో తీసేశాక ప్రైవేటు డెయిరీలు ఊరూరా క్యాన్లు దింపాయి. సహకార డెయిరీ అప్పుల్లో మునిగింది. ఎవరు ముంచారన్న దాని మీద మన జిల్లాలో పార్టీకొక కథ ఉంది, దాని జోలికి నేను పోను. పాలు పోసిన రైతుకూ, లోపల పనిచేసిన కార్మికుడికీ బకాయిలు మిగిలాయి. ముంచినవాడికి బకాయి ఉండదు కదా!

ప్రశ్న: అన్నా, మా అబ్బాయి తిరుపతిలో బండి మీద ఫుడ్ డెలివరీ చేస్తాడు. ఎవరో కస్టమరు కంప్లయింట్ ఇచ్చారని ఐడీ బ్లాక్ చేశారు. ఎవరిని అడగాలో తెలియడం లేదు. వీళ్లకు యూనియన్ ఉండదా?

జవాబు: ఉండొచ్చమ్మా, ఎవరూ కాదనలేరు. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగంలోనే ఉంది. మీవాడిలా యాప్‌ల మీద పనిచేసేవాళ్లను గిగ్ వర్కర్లంటారు, హైదరాబాద్‌లో వాళ్ల సంఘం పనిచేస్తోంది కూడా. చిక్కెక్కడంటే, కంపెనీ మీవాణ్ని ఉద్యోగి అనదు, ‘పార్ట్‌నర్’ అంటుంది. మాకు కనీసం తిట్టడానికైనా డిపో మేనేజరు ఉండేవాడు, మీవాడికి యాప్ తప్ప ఎవరూ లేరు. సామాజిక భద్రతా కోడ్‌లో గిగ్ వర్కర్ల పేరు చేర్చారు. కంపెనీలు టర్నోవర్‌లో ఒకటి నుంచి రెండు శాతం వాళ్ల సంక్షేమానికి కట్టాలన్నారు. ఐడీ ఎందుకు తీశారో చెప్పి తీరాలన్న మాట మాత్రం అందులో లేదు. రాజస్థాన్ 2023లో, కర్ణాటక 2025లో వీళ్లకోసం విడిగా చట్టాలు చేసుకున్నాయి. మన రాష్ట్రంలోనూ అలాంటిది రావాలని అడగాల్సింది ఆ బండ్ల మీద తిరిగే పిల్లలే.

ముందైతే అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేయించండి. బ్లాక్ చేసిన మెసేజీ, ఆ రోజు ఆర్డర్ల లిస్టు, రావాల్సిన డబ్బు, అన్నింటికీ స్క్రీన్‌షాట్లు తీసుకోమనండి. యాప్ పూర్తిగా మూసేస్తే అవి మళ్లీ దొరకవు. తర్వాత హోటళ్ల ముందు ఆర్డర్ కోసం కాచుకుని ఉండే మిగతా పిల్లల నంబర్లు తీసుకోమనండి. ఐడీ పోయినవాడు మీ అబ్బాయి ఒక్కడే అయి ఉండడు.