పెదవి మీద మచ్చకి కంగారు పడకు, కానీ కప్పిపెట్టకు

చిట్టీ,

ఫోటో చూశాను. కింది పెదవి మీద మినపగింజంత గోధుమరంగు మచ్చ, చదునుగా ఉంది, రంగంతా ఒకేలా ఉంది, రెండేళ్లుగా పెరగలేదంటున్నావు. ఇలాంటివి ఆడవాళ్లకి ఎక్కువగా వస్తుంటాయి, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఒకచోట చేరడం వల్ల వచ్చేవే తప్ప క్యాన్సర్ కావు. అయినా ఫోటో చూసి నేను చెప్పింది చాలదు, ఒకసారి స్కిన్ డాక్టరుకి చూపించు. ఈలోపు నిమ్మచెక్కకి పంచదార అద్ది రుద్దడం మాత్రం ఇవాళే ఆపెయ్. పెదవి చర్మం పల్చన, మన ఒంటి రంగువాళ్లకి మంట, రాపిడి తగిలిన చోటల్లా ఇంకా నల్లబడుతుంది. మెడికల్ షాపులో అడిగి తెల్లబడే క్రీములు తెచ్చుకోకు, చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది.

చర్మవ్యాధుల ఓపీలో నర్సుగా చేసినన్నాళ్లూ నేను పదేపదే చూసింది మందుల వల్ల వచ్చే మచ్చ. మోషన్లకో, ఒళ్లు నొప్పులకో షాపులో అడిగి ఒక మాత్ర వేసుకుంటారు, కొన్ని గంటల్లోనో మర్నాటికో పెదవి మండుతుంది, ఎర్రబడి పొక్కుతుంది, పొర ఊడి నల్లమచ్చ మిగులుతుంది, దాన్ని వేడి చేసిందనుకుని మజ్జిగ తాగి ఊరుకుంటారు. మళ్లీ అదే మాత్ర వేసుకుంటే సరిగ్గా అదే చోట మళ్లీ లేస్తుంది. సల్ఫా మాత్రలు, మెట్రోనిడజోల్, టినిడజోల్, కొన్ని నొప్పి మాత్రలు ఇలా చేస్తాయి. నీకు ఎప్పుడైనా అలా జరిగిందేమో గుర్తు తెచ్చుకో, జరిగితే ఆ మాత్ర పేరు రాసి పర్సులో పెట్టుకో, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు అదే చూపించు.

కొత్త లిప్‌స్టిక్, టూత్‌పేస్ట్ పడక దురద పెట్టి నల్లబడడమూ ఉంది, అవి మారిస్తే మెల్లగా తగ్గుతుంది. మీ బాబాయి పెదవుల నలుపు సిగరెట్లదే, మానితే నెలల మీద తగ్గుతుంది, ఆయనకి గట్టిగా చెప్పు.

చిన్నపిల్లలకి పెదవుల మీద, బుగ్గల లోపల చాలా చుక్కలుండి తరచూ కడుపునొప్పి వస్తుంటే పేగుల్లో కండలు పెరిగే జబ్బు కావచ్చు, అది తప్పక చూపించాలి. చిగుళ్లు, వేళ్ల కణుపులు కూడా నల్లబడి, నీరసంగా ఉండి బరువు తగ్గుతుంటే రక్తపరీక్షలు కావాలి.

ఇక ఆలస్యం చెయ్యకూడనివి: మచ్చ పెరగడం, అంచులు వంకరపోవడం, ఒకే మచ్చలో రెండుమూడు రంగులు కనపడడం, గట్టిపడడం, రక్తం రావడం, పుండై రెండు మూడు వారాలైనా మానకపోవడం. ఖైనీ, గుట్కా అలవాటుండి నోట్లో తెల్లమచ్చ వచ్చినా, నోరు సరిగ్గా తెరుచుకోకపోయినా అంతే. అనుమానముంటే డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు. ముక్క తీస్తే జబ్బు పాకుతుందని మనవాళ్లు చెప్పే మాట నిజం కాదమ్మా, ఆ భయంతో ఆలస్యం చేసినవాళ్లకే నష్టం.

వెళ్లే రోజు లిప్‌స్టిక్ వేసుకోకు. పాత ఫోటోలుంటే ఫోన్‌లో తీసి పెట్టుకో, అప్పటికీ ఇప్పటికీ మారిందా లేదా అన్నది డాక్టరు మొదట అడిగేదే.

నీ పెద్దమ్మ